‘తగ్గినది’ యను మాట: పట్టణ ప్రాథమిక వైద్యమున దీర్ఘవ్యాధులు, తెలుగు వాడుక

తెలుగున “జ్వరము తగ్గినది” యన్నచో జ్వరము పూర్తిగా పోయినదని యర్థము. ఎంత తగ్గినది, ఎంత మిగిలినది అని యెవ్వరును అడుగరు. దగ్గు తగ్గుట, వాపు తగ్గుట, కడుపునొప్పి తగ్గుట యన్నియు నిట్టివే. కాని “బావిలో నీరు తగ్గినది” యన్నప్పుడు నీరు కొంత మిగిలియే యున్నదని గ్రహింతుము. ఒక్క క్రియ రెండు తావులందు రెండు విధములుగా పనిచేయుచున్నది. వ్యాకరణ పాఠమున నిది చిన్న విశేషము. రక్తపోటును, మధుమేహమును పరీక్షించు పట్టణ ఆరోగ్యకేంద్రమున మాత్రమిది చిన్న విశేషము కాదు. నర్సు రోగి చేతికి పట్టీ చుట్టి, అంకెను చూచి, “బీపీ తగ్గినదమ్మా” యనును. ఆమె చెప్పినది బావినీటి తగ్గుదల. ఆ తల్లి వినినది జ్వరపు తగ్గుదల. నర్సు తమిళమున చెప్పినను, ప్రక్కనున్న మనుమరాలు తెలుగు చేయునపుడు ఆ మాటయే వచ్చును. మాత్రల చీటి ఆనాటితో పెట్టెలోనికి పోవును.

ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు; తమిళనాట అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించువాడు. వైద్య విషయములందు ప్రభుత్వ వైద్యశాఖలును, ప్రపంచారోగ్య సంస్థయు ప్రకటించినవానినే యిచట గ్రహించితిని. మాటల విషయమున మాత్రము సొంత పరిశీలనమునకు సాహసించుచున్నాను. వ్యాధిని కనుగొనుట వేరు, వ్యాధిని అదుపులో నుంచుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న వంతెన చాలవఱకు మాటలతో కట్టబడినది యనుటయే యిందలి ప్రతిపాదనము.

మొదట మా ప్రాంతమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. పెరియపాళయము చెన్నపట్నమునకు వాయవ్యముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, ఆరణి నది యొడ్డున నున్న యూరు. ఆ నది ఆంధ్రదేశమునందలి పిచ్చాటూరు ప్రాంతము నుండి ఊత్తుక్కోట మీదుగా వచ్చి, మా యూరు దాటి, పళవేర్కాడు దిక్కునకు సాగును. నీటివలెనే జనమును, భాషయు ఇచట సరిహద్దును లెక్కచేయక ప్రవహించినవి. 1960 ఏప్రిల్ 1వ తేదీన పటాస్కరు నిర్ణయము ననుసరించి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమున చేరినది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు సత్యవేడు ప్రక్కగా ఆంధ్రప్రదేశమునకు పోయినవి. గీత ఎచట గీచినను, గీతకు ఈవల కొందఱు తెలుగువారును, ఆవల కొందఱు తమిళులును మిగులక తప్పలేదు. 1997లో తిరువళ్ళూరు జిల్లా యేర్పడినది. నేడు ఈ జిల్లా దక్షిణ భాగము పూర్తిగా పట్టణమే. ఆవడి 2019లో నగరపాలక సంస్థ యైనది. అంబత్తూరు, మాధవరము 2011లోనే చెన్నపట్న నగరపాలకములో కలిసిపోయినవి. మా గ్రామముల తెలుగు కుటుంబములనుండి పడుచువారు ఆ పట్టణములలో పనులకు పోవుదురు. తఱచుగా అచటనే కాపురముందురు. వృద్ధులు కొన్ని నెలలు అచట, కొన్ని నెలలు ఇచట నుందురు. కావున పట్టణ ప్రాథమిక వైద్యమనునది మాకు పరాయి విషయము కాదు. అవ్వ రక్తపోటు మాత్రలు ఆవడిలో మొదలై పెరియపాళయమున ఆగిపోవుట, లేదా ఇచట మొదలై అచట ఆగిపోవుట, మాకు నిత్యము కనబడు సంగతి.

దీర్ఘవ్యాధులలో సామాన్యములైనవి రక్తపోటు, మధుమేహము. ఈ రెండును చాలకాలము ఏ బాధయు కలిగింపవు. పాము కాటు వేసిన తక్షణమే తెలియును. చెదపురుగు వాసమును తినుచున్నప్పుడు తెలియదు, కప్పు క్రుంగినప్పుడు తెలియును. రక్తనాళములపై ఏండ్ల తరబడి హెచ్చు ఒత్తిడి పడినచో అవి గట్టిపడి, ఒకనాడు మెదడులోనో, గుండెలోనో మూసికొనిపోవును, లేదా చిట్లును. రక్తమున చక్కెర హెచ్చుగా నున్నచో కంటి లోపొరలోని సన్నని నాళములు, మూత్రపిండముల వడపోత, పాదముల నరములు క్రమక్రమముగా చెడును. పక్షవాతము వచ్చిన దినమున “నిన్నటివఱకు బాగుగనే యుండెను” అని బంధువులందురు. నిన్నటివఱకు బాగుగ నుండలేదు. బాగుగ కనబడినది, అంతియే.

బాధ లేనివానిని వైద్యుడు వెదకుకొని పరీక్షించుటయే స్క్రీనింగు. ధాన్యమును జల్లెడ పట్టినట్లు జనమును జల్లెడ పట్టుట యిది. జల్లెడలో నిలిచిన ప్రతి గింజయు రాయి కాదు. వ్రేలిని గ్రుచ్చి చూచినప్పుడు చక్కెర 140 మిల్లీగ్రాములు దాటినచో మధుమేహము కలదని కాదు, తిన్నగా పరీక్షింపవలెనని మాత్రమే యర్థము. పరగడుపున 126, గ్లూకోజు త్రావిన రెండు గంటలకు 200, లేదా మూడు మాసముల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ 6.5 శాతము, ఈ హద్దులకు చేరినప్పుడే వైద్యులు వ్యాధిని నిర్ణయింతురు. స్పష్టమైన లక్షణములు లేనివారికి మఱొకసారి పరీక్షించి మఱీ నిర్ణయింతురు. రక్తపోటునకు 140, 90 అను జంట హద్దు; అదియు ఒక్కసారి చూచి తేల్చునది కాదు. బస్సు దిగి మెట్లెక్కి వచ్చినవానిని వెంటనే కూర్చుండబెట్టి పట్టీ చుట్టినచో ఆ యంకె వాని పరుగును తెలుపును గాని వాని వ్యాధిని తెలుపదు. అయిదు నిమిషములు వీపునకు ఆనిక యిచ్చి కూర్చుండవలెను, పాదములు నేలపై ఆనవలెను, చేయి గుండె యెత్తున నుండవలెను, అంతకు అరగంట ముందు కాఫీ, పొగాకు కూడవు, కొలుచునప్పుడు మాటలాడరాదు. ఈ కడపటి నియమము మా ప్రాంతీయులకు అన్నిటికంటె కష్టమైనది.

జల్లెడ పట్టుటకును నీతి కలదు. 1968లో ప్రపంచారోగ్య సంస్థకై విల్సన్, యుంగ్నర్ అను నిద్దఱు పది సూత్రములను వ్రాసిరి. కనుగొన్న వ్యాధికి చికిత్స యుండవలెననియు, నిర్ణయించుటకును చికిత్సించుటకును తగిన వసతి దగ్గఱ నుండవలెననియు, వెదకుట ఒక్కసారి చేసి విడుచు పని కాక నిరంతరముగా సాగవలెననియు అందు కలదు. చికిత్స చూపలేక వ్యాధి పేరు మాత్రము చెప్పి పంపుట మనిషికి భయమును పంచిపెట్టుటయే. ఉత్సవము, శిబిరము, పందిరి వేసి, వందలమందికి వ్రేలు గ్రుచ్చి, చీటీలు పంచి, మఱునాడు పందిరి విప్పివేయు పద్ధతిపై నాకు గౌరవము తక్కువ. ఆ చీటీ పట్టుకొని పోవలసిన తలుపు ఏదో ఆ పందిరిలో నెవ్వరును చెప్పరు.

ఇక అంకెలు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతట జరిపి 2023లో ప్రకటించిన ఫలితముల ప్రకారము వయోజనులలో నూటికి 11.4 మందికి మధుమేహము కలదు, పల్లెలలో 8.9, పట్టణములలో 16.4. తమిళనాడు ప్రభుత్వము 2020లో చేయించిన సర్వేలో 18 మొదలు 69 ఏండ్ల వయస్సువారిలో నూటికి 33.9 మందికి రక్తపోటు, 17.6 మందికి మధుమేహము కలవని తేలినది. ఇంతవఱకు ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యము తరువాతి వరుసలో నున్నది. రక్తపోటు కలవారిలో దానిని అదుపున నుంచుకొన్నవారు నూటికి 7.3 మంది మాత్రమే, మధుమేహులలో 10.8 మంది. పాఠశాలలో నూర్గురు పరీక్షకు కూర్చుండి ఏడుగురు కృతార్థులైనచో ఆ పాఠశాలను ఏమందుము? విద్యార్థులను నిందించుటకు ముందు బోధనమును పరీక్షింపమా? మాత్రలు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా నున్నవి. అవి చౌకవి, చిరకాలముగా పరీక్షింపబడినవి. రక్తపోటునకు మందు లేదను కాలము పోయి ముప్పాతిక శతాబ్దము గడచినది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు మన సర్పగంధి వేరు రక్తపోటును తగ్గించుటను గూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించినది 1949లో. చెన్నపట్నమున రాయపురములో డాక్టరు ఎం. విశ్వనాథన్ మధుమేహమునకై ప్రత్యేకముగా ఆసుపత్రి నెలకొల్పినది 1954లో. మందును, వైద్యుడును ఉండగా అదుపు రాకపోవుటకు కారణములు పెక్కు గలవు: దూరము, కూలి నష్టము, వరుసలో నిలువలేమి, మందుల కొఱత. వానితో పాటు మాట కూడ ఒక కారణము. దానిని లెక్కించువారు తక్కువ.

వ్యాధుల పేర్లను పరికింతము. ‘రక్తపోటు’ అను మాటలోని ‘పోటు’ బహుశః సముద్రపు పోటు, ఆటుపోట్లలోని పోటు. ఆ యూహ చక్కనిదే. కాని జనుల నోట పోటనగా ముందు స్ఫురించునది నొప్పి: తలపోటు, పంటిపోటు, కత్తిపోటు. కావున “నీకు రక్తపోటు కలదు” అన్నచో “నాకు ఏ పోటును లేదే” యని వచ్చు జవాబు మూర్ఖత్వము కాదు. తెలుగు తెలిసిన జవాబు. తల నొచ్చిన దినమున మాత్ర వేసికొని, నొవ్వని దినమున మానుట ఆ పేరు నేర్పిన పద్ధతియే. నిజమైన పోటు కడపట వచ్చును. దానిని గుండెపోటు అందుము. విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకములలోని ‘రక్తపీడనము’ నిర్దుష్టమైనది గాని పాఠ్యపుస్తకము దాటి రాలేదు. తమిళమున వైద్యులు వ్రాయు ‘రత్త అళుత్తము’ అనగా రక్తపు ఒత్తిడి. వీధిలో వినబడునది ‘రత్తక్ కొదిప్పు’, అనగా రక్తము మరుగుట. మా తెలుగువారు ఈ రెండవ దానిని కూడ గ్రహించిరి. రక్తము మరుగుట కోపమువలన కదా! కోపము చల్లారిన వ్యాధియు చల్లారునని, “నాకేమి కోపము, నేను శాంతస్వభావుడను” అని, పరీక్షకే రానివారు గలరు. శాంతస్వభావులకును రక్తపోటు వచ్చునని చెప్పుట అవసరము. ఉప్పు, స్థూలత, వయస్సు, వంశము, పొగాకు, మద్యము, శరీరశ్రమ లేమి, ఇవి స్వభావమును అడుగవు.

మధుమేహము ప్రాచీనమైన పేరు. సుశ్రుతాదులు ప్రమేహములను ఇరువదిగా విభజించి అందొకదానికి ఈ పేరు పెట్టిరి. మేహమనగా మూత్రస్రావము. తేనెవంటి మూత్రము పోవుట, దానికి చీమలు పట్టుట, ఇది వ్యాధి ముదిరిన పిమ్మటి లక్షణము. అనగా పేరే ఆలస్యముగా పుట్టినది. తమిళపు ‘నీరిళివు’ కూడ నట్టిదే. మఱియు తెలుగు వాడుకలో ‘మేహము’ అను మాటకు సుఖవ్యాధులతోడి సంబంధము అంటుకొని యున్నందున, పెద్దవారు ఆ పేరును నలుగురిలో పలుకుటకు సిగ్గుపడుదురు. ‘చక్కెర వ్యాధి’ అన్న సిగ్గు లేదు గాని వేఱొక చిక్కు కలదు. చక్కెర తినుటవలన వచ్చునది, చక్కెర మానినచో పోవునది యని తోచును. కాఫీలో చక్కెర మానివేసి, మూడుపూటల గిన్నె నిండ అన్నము తిని, “నేను పత్యము తప్పలేదు” అను తాతలు మా వీధిలోనే గలరు. అన్నము కడుపులో చక్కెరగా మాఱునను సంగతి ఆ పేరులో లేదు.

ఇట్లే చేదు తీపిని చంపునను తర్కము. మా యూరి భవానీ అమ్మవారికి వేపాకుల వస్త్రము ధరించి మ్రొక్కు చెల్లించు ఆచారము ప్రసిద్ధము. ఆడి మాసమున ఆ వారములందు చెన్నపట్నమునుండియు, ఆంధ్రదేశమునుండియు జనము తండోపతండములుగా వత్తురు. వేప మాకు పవిత్రము. ఆ పావిత్ర్యమునకును, వేపచిగురు నమలి మధుమేహపు మాత్ర మానుటకును సంబంధము లేదు. కాకరకాయ కూర మంచిదే, మెంతులు మంచివే. మాత్రతో పాటు తినవలెను గాని మాత్రకు బదులుగా కాదు. “మాత్రలు వాడినచో మూత్రపిండములు చెడును” అను మాట మఱింత హానికరమైనది. మూత్రపిండములను చెఱచుచున్నది అదుపు లేని చక్కెరయు, అదుపు లేని రక్తపోటును. మాత్రలు వాడుచున్నవారికి మూత్రపిండములు చెడిన సందర్భములను చూచి జనులు కార్యకారణములను తలక్రిందులు చేసిరి. చాలకాలము వాడక, చెడిన పిమ్మట మొదలిడినవారు వారు.

పేర్లకంటె బలమైనది కాలమును గూర్చిన భావన. మన సంప్రదాయమున మందునకు మండలమను గడువు కలదు. నలువది దినములు సేవించిన ముగిసినట్లు. పత్యమునకును గడువు కలదు. రోగము కుదిరిన పిమ్మట స్నానము చేసి పత్యము విడుతుము. ఈ చట్రములో దీర్ఘవ్యాధి ఇముడదు. మన శాస్త్రములందే దీనికి తగిన వేఱొక చట్రము కలదు. కర్మలను నిత్యములు, నైమిత్తికములు అని విభజించిరి. గ్రహణస్నానము నైమిత్తికము, ఏదో నిమిత్తమున వచ్చి, అది తీఱిన పోవును. సంధ్యావందనము నిత్యము, ఫలము కొఱకు కాదు, మానిన దోషము. జ్వరపు మందు నైమిత్తికము; రక్తపోటు మాత్ర నిత్యము. ఇట్లు చెప్పినప్పుడు మా ప్రాంతపు వృద్ధులు తల యూపుట నేను చూచితిని. శాస్త్రము తెలియనివారికి పండ్లు తోముకొనుటను చెప్పిన చాలును. నిన్న తోమితిని గదా యని నేడు మానువారు లేరు.

హెచ్‌బీఏ1సీ పరీక్షను కూడ పాఠశాల మాటలలో చెప్పవచ్చును. పరగడుపు పరీక్షకు ముందు రెండు దినములు ఉపవాసముండి, మంచి అంకె తెచ్చుకొనువారు పరీక్ష ముందటి రాత్రి చదువు విద్యార్థులవంటివారు. ఎఱ్ఱ రక్తకణము సుమారు 120 దినములు జీవించును. ఆ కాలమున రక్తమునందలి చక్కెర దానికి అంటుకొనుచు పోవును. దానిని కొలుచుట హాజరుపట్టీని తీసి చూచుటవంటిది. అచట రెండు దినముల నటన చెల్లదు.

సరిహద్దున నున్నవారిని గూర్చి యొక మాట. మధుమేహపు హద్దునకు చేరక, మామూలు హద్దును దాటినవారు దేశమున నూటికి 15 మందికి పైగా కలరని పై పరిశోధన మండలి లెక్క. సరిహద్దున నున్నవారి అవస్థ మా ప్రాంతీయులకు వేఱుగ వివరింప నక్కఱలేదు. అయితే ఈ సరిహద్దును వెనుకకు జరుపవచ్చును. చెన్నపట్నమున డాక్టరు ఎ. రామచంద్రన్ ప్రభృతులు ఇట్టివారిని 531 మందిని మూడేండ్లు పరిశీలించి 2006లో ప్రకటించిరి. మామూలు సలహాతో విడిచిన వారిలో నూటికి 55 మంది మధుమేహులైరి. నడకయు, ఆహారనియమమును క్రమముగా బోధింపబడిన వారిలో 39 మంది. బోధనకును గుణముండునని ఉపాధ్యాయుడు సంతోషింపదగిన లెక్క యిది.

పట్టణములలో ఈ పని చేయవలసినది ఎవరు? పెద్దాసుపత్రి కాదు. అచటికి పోవుటకు ఒక దినపు కూలి పోవును. అచటి వైద్యునకు రెండు నిమిషములే యుండును. జాతీయ పట్టణ ఆరోగ్య పథకము 2013లో ఆమోదింపబడినప్పుడు ప్రతి 50,000 జనమునకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ఉండవలెననియు, అది పగలు 12 గంటలనుండి రాత్రి 8 గంటలవఱకు తెఱచి యుండుట మేలనియు వ్రాసిరి. కూలిపనివారు వచ్చు వేళ సాయంకాలమే యని గుర్తించిన వాక్యమది. తెలంగాణమున హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు వెలసినవి. పేరు వినగానే ఎచటికి పోవలెనో తెలియును. ఇట్టి పేర్లు పెట్టినవారిని భాషోపాధ్యాయులు అభినందింపవలెను. తమిళనాట 2023 జూన్ 6వ తేదీన 500 పట్టణ ఆరోగ్య నలవాళ్వు కేంద్రములు ఒక్కసారి ప్రారంభింపబడినవి. ఉదయమును, సాయంకాలమును రెండు వేళల తెఱచుట వాని విశేషము. ముప్పది ఏండ్లు నిండినవారందఱికి రక్తపోటు, మధుమేహములను, వానితో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖముల క్యాన్సరులను వెదకుట జాతీయ కార్యక్రమమున నున్నది. క్యాన్సరుల విషయము వేఱు వ్యాసమునకు తగినది.

వీనికన్న ముఖ్యమైనది 2021 ఆగస్టు 5వ తేదీన మొదలైన ‘మక్కళై త్తేడి మరుత్తువం’. జనులను వెదకుకొనుచు వచ్చు వైద్యమని యర్థము. దానిని ముఖ్యమంత్రి ఎం. కె. స్టాలిన్ ప్రారంభించినది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. ఆ పల్లె పేరును గమనించిన తెలుగువారు చిఱునవ్వు నవ్వక మానరు. స్వయంసహాయక సంఘముల స్త్రీలు కొలత సాధనములతో ఇంటికి వచ్చి రక్తపోటును, చక్కెరను చూచి, ఆసుపత్రిలో ఒకసారి నిర్ణయమైనవారికి మాత్రలు ఇంటికే యిత్తురు. 2024లో దీనికి ఐక్యరాజ్య సమితి బహుమానము లభించినది. 2023–24లో జరిగిన రెండవ సర్వేలో రక్తపోటును, మధుమేహమును అదుపున నుంచుకొన్నవారు నూటికి 17 మంది వఱకు పెరిగిరి. ఏడునుండి పదునేడు! పెరుగుదల మెచ్చదగినదే; నూటికి ఎనుబదిముగ్గురు ఇంకను బయటనే యున్నారనుటయు నిజమే. 2017 చివర తెలంగాణ మొదలైన అయిదు రాష్ట్రములలో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము కూడ ఇదే మార్గము నవలంబించినది: ఏ మాత్ర తరువాత ఏ మాత్రయో అందఱికి ఒకే సులువైన క్రమము, మందుల నిలువ తఱుగకుండుట, వైద్యునితో పాటు నర్సు కూడ బాధ్యత వహించుట, రోగికొక చీటీ, రానివారి జాబితా. ఈ కడపటిదానిని నేను మిక్కిలి మెచ్చెదను. రాని పిల్లవాని పేరు పిలువని బడి బడి కాదు గదా.

ఇంటికి వచ్చు ఆ స్త్రీ చెప్పు మాట తెలుగింటిలో ఎట్లు ప్రవేశించును? మా జిల్లా తెలుగు గృహములందు అవ్వకు తెలుగే సొంతము. బజారు తమిళము వచ్చును, వైద్యపు తమిళము రాదు. చదువు రెండింటను తక్కువ. ఆమె కుమారుడు నావంటివాని యొద్ద తెలుగున చదివినవాడు. మనుమలు 2006నాటి తమిళ బోధన చట్టము తరువాత తమిళమును తప్పనిసరిగా చదువుచున్నవారు. చీటీలోని తమిళమును చదువగలిగినది ఇంటిలో పన్నెండేండ్ల మనుమరాలే. కావున దుబాసిత్వము ఆ పిల్లకు పడినది. ఇందు మేలును కలదు, కీడును కలదు. అంకెలను చదివి చెప్పుటకు పిల్ల చాలును. “పాదమున స్పర్శ తగ్గినది, పుండు పడినను తెలియదు, జాగ్రత్త” అనునట్టి మాటను పిల్లచేత చెప్పించుట న్యాయము కాదు. పిల్ల భయపడి సగము మ్రింగివేయును, లేదా అవ్వను సంతోషపెట్టుటకై “అంతయు బాగున్నదట” యనును. అట్టి విషయములను పెద్దవారిని పిలిచి చెప్పవలెనని ఆ సేవికలను మనమే కోరవలెను. వారిలో తెలుగు వచ్చినవారు మా ప్రాంతమున అరుదు కారు, అడుగకపోవుటయే లోపము.

ఏ మాటలు వాడవలెనను ప్రశ్నకు నా సూచనలు కొన్ని. వ్యాధి పేరునకు బీపీ, షుగరు అను మాటలనే ఉంచుట మేలు. స్వచ్ఛభాషాభిమానులు నన్ను క్షమింతురు గాక. ఆ మాటలకు పాత యర్థములు లేవు కావున పాత అపార్థములును లేవు. ‘తగ్గినది’ అను క్రియను వ్యాధికి వాడక అంకెకు మాత్రమే వాడవలెను: “బీపీ తగ్గినది” యనక “అంకె 160 నుండి 138కి దిగినది, మాత్ర వలన దిగినది, మాత్ర మానిన మరల ఎక్కును” అనవలెను. ‘నయమైనది’, ‘కుదిరినది’ అను మాటలను ఈ రెండు వ్యాధులకు అసలు వాడరాదు. ‘అదుపు’ అను మాట మనకు కలదు. పగ్గముతో ఎద్దు అదుపులో నున్నదందుము. పగ్గము విడిచినచో ఏమగునో సేద్యగానికి చెప్ప నక్కఱలేదు. ఉప్పును గూర్చి “తక్కువ తినుము” అన్న ఎవరికిని ఏమియు బోధపడదు. దినమునకు మనిషికి ఒక చిన్న చెంచా, అనగా 5 గ్రాములకు మించరాదని, అందు ఊరగాయ, అప్పడము, ఎండుచేప, ఊరమిరపకాయ అన్నియు లెక్కకు వచ్చునని చెప్పవలెను. అన్నమును గూర్చి చక్కెర మాటయెత్తక గరిటెల లెక్క చెప్పవలెను.

చీటీ వెనుకవైపు సాధారణముగా ఖాళీగ నుండును. అచట తెలుగున నాలుగు పంక్తులు వ్రాసి యిచ్చుట మా విద్యార్థులకు నేర్పుచున్నాను. పెద్ద అక్షరములతో తేదీ. పై అంకె, క్రింది అంకె. మాత్ర ఉదయమా, రాత్రియా. మరల పోవలసిన దినము. ఏటికి ఒకసారి కంటి పరీక్ష, మూత్రపరీక్ష, పాదముల పరీక్ష జరిగినదా లేదా యని యొక గడి. చదువురాని అవ్వకు అంకెలు వచ్చును. బస్సు నంబరులను, నోట్లను గుర్తించు కన్నులకు 138 కష్టము కాదు. ఆవడికి పోవునప్పుడు ఆ చీటీ కొంగున నుండిన అచటి నర్సు ముందటి అంకెను చూచి, అచటినుండియే కొనసాగింపగలదు. తమిళమున ముద్రించిన చీటీకి ఇట్లు తెలుగు వెనుకపుటను చేర్చుటకు ప్రభుత్వపు ఆజ్ఞ ఏదియు అక్కఱలేదు. ఒక కలమును, ఆదివారమున ఒక అరగంటయు చాలును. సంఘమువారు అచ్చువేసి యిత్తుమన్నచో నమూనా సిద్ధముగ నున్నది.